కండ్లయినంక చీర

అయినా పేరు చెప్పకుండా ఎట్లా ఉంటాడు? ఎదుటి మనిషి దారికి అడ్డం వచ్చి, కళ్లలోకి చూసి, నీదే ఊరు అని అడిగితే, ఊరే లేనివాడిలా ఎట్లా నడిచిపోతాడు? తప్పు అక్కడ జరగలేదు. ఇంకెక్కడో జరిగింది. మగ్గం మీద తెగిన పోగు కోసం వెతికినట్టు బాలమల్లు మూడు రోజులుగా ఆ తప్పు కోసం వెతుకుతున్నాడు. పోగైతే వేలికి తగులుతుంది. ఇది తగలడం లేదు.

దవాఖాన వరండాలో గోడకు ఆనుకుని కూర్చున్నాడు. పక్కనే భార్య శంకరవ్వ. ఆమె ఎడమ కన్ను ఎండాకాలంలోనే ఆరిపోయింది. కుడి కన్ను మీద తడిబట్ట ఉంది. కరీంనగర్ డాక్టర్ చీటీ రాసిస్తూ, పట్నం పోయి ఈ వారంలోపల కోయించమన్నాడు. వారం దాటితే ఆ కన్ను కూడా దక్కదన్నాడు. పెద్దపల్లిలో రైలెక్కి సోమవారం పొద్దున దిగారు. ఆ చీటీని అదే రోజు చప్రాసీకి ఇచ్చాడు. చప్రాసీ దాన్ని మిగతా చీటీలతో కలిపి ఇంకుబుడ్డి కింద పెట్టాడు. ఇవాళ బుధవారం. చీటీ అంచు ఇక్కడి నుంచి కనిపిస్తూనే ఉంది. పైన కొత్త చీటీలు చేరుతున్నాయి, పోతున్నాయి. అది మాత్రం అట్లాగే ఉంది.

"ఓ బాలమల్లూ!"

గేటు దగ్గర నుంచి కేక. వరుసలో కూర్చున్నవాళ్లందరూ తలలు తిప్పారు.

"చొప్పదండి బాలమల్లూ! కండ్లయినయా?"

బాలమల్లు మోకాళ్ల మధ్యకు తల దించుకున్నాడు.

"నిన్నే, సాలోళ్లాయినా! అయినయా, కాలేదా?"

"కాలేదని చెప్పరాదు. పాపం, గొంతు పోతది ఆమెకు," అన్నది శంకరవ్వ.

"నువ్వూకో."

"జవాబియ్యకుంటె ఇంకింత మొత్తుకుంటది."

అన్నట్టే ఇంకింత గట్టిగా వినిపించింది కేక. ఎవరో నవ్వారు. ఈ మహానగరంలో తన పేరు తెలిసిన మనిషి ఒక్కతే ఉందని, ఆ ఒక్క మనిషి నుంచే తాను దాక్కోవాల్సి వస్తోందని బాలమల్లుకు తోచింది.

పట్నంలో ఎట్లా నడవాలో కొమురెల్లి ముందే నేర్పాడు. నూలు కోసం ఏటా రెండుసార్లు వచ్చిపోయే మనిషి కొమురెల్లి. 'మామా, స్టేషన్ బయట కాలు పెట్టంగనే మీద పడ్తరు. మొఖం చూడొద్దు. ఆగొద్దు. చెయ్యి జేబు దిక్కు పోవద్దు. మాఫ్ కరో, మాఫ్ కరో అనుకుంట నడుస్తనే ఉండు. ఒక్కలకిస్తివా, పదిమంది అయితరు.' రైలులో ఆ మాటను మనసులోనే పలికి చూసుకుంటూ వచ్చాడు. మాఫ్ కరో అంటే క్షమించు అని అర్థమట. ఇవ్వనివాడు క్షమించమని అడుగుతున్నాడన్న మాట. అడగడం అక్కడా తప్పలేదు. అందుకేనేమో ఆ రెండు మాటలూ అతని నాలుక మీద నిలవలేదు.

బయటికి వచ్చాక అవి అసలు బయటికే రాలేదు. ఒకడు చీము పట్టిన కాలు ముందుకు చాపాడు. ఒకామె మూట పట్టుకుని లాగింది. ఇంకెవరిదో చెయ్యి అంగీ అంచు పట్టుకుంది. ఎటు నుంచి ఏ చెయ్యి తగులుతోందో తెలియక శంకరవ్వ అతని భుజానికి అంటుకుపోయింది. అప్పుడు వచ్చింది ఆ మనిషి, ఇప్పుడు గేటు దగ్గర అరుస్తున్నామె. పొడుగ్గా ఉంది. మగవాళ్ల గొంతు. వెదురుకర్రతో నేల మీద రెండు దెబ్బలు వేసి, బూతులు తిట్టి, గుంపునంతా చెదరగొట్టింది. దేవతలా వచ్చి కాపాడిందనుకున్నాడు. ఆమె కర్రను చంకలో ఇరికించుకుని శంకరవ్వ మణికట్టు పట్టుకుంది.

"వాళ్లందరు పోయిన్రు. గిప్పుడు నాకియ్యి."

అతను వదిలించబోయాడు. పట్టు ఇనుపపట్టు.

"పైసలు నక్కో. పైసలు పోలీసోడు గుంజుకుంటడు. చీర కావాలె. చూడు బాయీ, నా గీ చీరకు అంచు తప్ప ఏమన్న మిగిలిందా? ఏ ఊరయ్యా మీది?"

చీర అన్న మాట వినగానే బాలమల్లు లోపల ఎవరో వెనక్కి తిరిగి ఊరికి నడిచారు.

ఊళ్లో అడిగేవాళ్లు లేరా? కూనపులి రాయమల్లు రెండేళ్లకొకసారి వచ్చి, సాలోళ్ల వాడలో, నేతగాళ్ల ఇళ్ల నడుమ, బొమ్మల పటం విప్పి, వాళ్ల కులం కథ చెప్తాడు. చెప్పి బట్ట అడుగుతాడు. అది అతని హక్కు. అతనికి ఇంటిపేరు, గోత్రం చెప్పాలి. చెప్తే వాటిని కథలో కలిపి పాడతాడు. ఇంట్లో బట్ట లేకపోతే 'తెగినంక ఇస్త' అనాలి. మగ్గం మీది బట్ట నిండి, కోసి దించాక అని. ఆ మాట అంటే చాలు, రాయమల్లు లేచి ఇంకో వాకిటికి పోతాడు. మళ్లీ ఆ బట్ట తెగే నాటికి వస్తాడు. నడుమ ఒక్కసారి కూడా గుర్తు చేయడు. అడిగినవాడికీ ఇచ్చేవాడికీ నడుమ ఒక నమ్మకం ఉంటుంది, రెండు గుంజల మధ్య చాపిన పడుగులా.

అందుకే సోమవారం పొద్దున, అంత మంది మధ్య, బాలమల్లు మూట కింద పెట్టి రెండు చేతులూ జోడించాడు. ఊరు చెప్పాడు. పేరు చెప్పాడు. గోత్రం కూడా చెప్పాడు. "గీమె కండ్ల పని మీద వచ్చినం అవ్వా. కండ్లయినంక చీర ఇస్త," అన్నాడు.

ఆమె మణికట్టు వదిలేసింది. అతని ముఖం వైపు చాలాసేపు చూసింది. ఆమెకు రోజూ వందమంది ఏదో ఒకటి చెప్పి తప్పించుకుంటారు. ఇట్లా ఎవరూ చెప్పి ఉండరు.

"మాటేనా?"

"మాటనే."

"నా పేరు కిష్టవ్వ. అసిఫాబాద్ దిక్కు. యాదుంచుకో," అని ఆమె కూడా పేరు చెప్పింది. ఆ రోజు మధ్యాహ్నానికే దవాఖాన గేటు దగ్గర తేలింది. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, గేటు మూసే ముందు ఒకసారి అడుగుతోంది.

రాయమల్లు నడుమ అడగడు. నిజమే. కానీ రాయమల్లుకు ఆ నడుమ రోజుల్లో తినడానికి ఇంకో వాకిలి ఉంటుంది. ఈమెకు... తప్పు ఇక్కడుందా? వేలికి ఏదో తగిలినట్టయింది. దాన్ని పట్టుకునేలోపలే వరండాలో కలకలం రేగింది.

"ఏయ్, హట్! లోపలికి రావద్దన్న గద!" చప్రాసీ కుర్చీలోంచి సగం లేచాడు.

"నీ తాత కట్టిచ్చిండా? కూసో," అంటూ కిష్టవ్వ నేరుగా వచ్చి బాలమల్లు ఎదురుగా గొంతుక్కూర్చుంది. కర్ర పక్కన పెట్టింది. ఆమె కాళ్ల నుంచి వేడి మట్టి వాసన వచ్చింది.

"నిజం చెప్పు. కండ్లు కోయిస్తవా, నా చీర ఎగ్గొడుదామని కూసున్నవా?"

"చిట్టీ ఇచ్చిన అవ్వా. పిలుస్తరు."

"ఎన్నడిచ్చినవ్?"

"సోమవారం."

"మల్ల అడిగినవా?"

బాలమల్లు ఇంకుబుడ్డి వైపు చూశాడు.

"అడిగినవా అంటున్న."

"మంది శానా ఉన్నరు. మన వంతు వస్తది."

"వంతు!" కిష్టవ్వ శంకరవ్వ వైపు తిరిగింది. "అక్కా, నీ మొగడు శానా మంచోడు. గిసొంటి మంచోనితోని నువ్వు గుడ్డిదానివైతవ్."

శంకరవ్వ నవ్వింది. రెండు నెలల తర్వాత ఆమె నోటి నుంచి వచ్చిన నవ్వు. అది బాలమల్లుకు గుచ్చుకుంది.

"ఎందుకు చెప్తున్ననంటె," కిష్టవ్వ గొంతు తగ్గించింది. తగ్గించినా పక్కవాళ్లకు వినిపించింది. "పెద్ద డాక్టరు ఇయ్యాల ఢిల్లీ పోతుండు. పదిహేను దినాలు రాడు. కోసేది ఆయనొక్కడే. గేటుకాడ ఉండేదాన్ని, నాకెరుకైతది. కారు కడిగి పెట్టిన్రు. పెట్టెలు ఎక్కిచ్చిన్రు. రెండు కొట్టంగ పోతడు."

గోడ గడియారంలో రెండుకు ఇంకా పావుగంట ఉంది.

బాలమల్లు గడియారం నుంచి చూపు తిప్పుకున్నాడు. అతని మనసు ఇట్లాంటప్పుడు ఎప్పుడూ చేసే పనే చేసింది. చిన్న చిన్న వాటిని పట్టుకుంది. చప్రాసీ బల్లకు ఒక కాలు పొట్టి. ఇంకుబుడ్డి మూత లేదు. ఎవరో బత్తాయి తిని తొక్కలు మూలకు వేశారు. వీటన్నిటినీ చూస్తూ ఉంటే గడియారం నడవదేమో.

"ఇను. నేర్పుతున్న, ఉత్తగనే," అంది కిష్టవ్వ. "ఆయన గా తలుపులకెల్లి వస్తడు. గీ మెట్లు దిగి కారు ఎక్కుతడు. ఇరువై అడుగులు. గా ఇరువై అడుగులల్ల అడగాలె, ఈమె కన్ను కోసినంకనే పొమ్మని. కింద చూడకు. నోట్ల నమలకు. అడ్డం నిలబడు. మనిషి ఆగకుంటె మాట ఇనడు. ముందుగాల పేరు చెప్పు. నీది కాదు, ఈమెది. పేరు ఇన్నంక ఉత్తగ పోవుడు కష్టం. నువ్వే పోలేకపోతివి గద. ఏదీ, లవ్కర్, జల్ది చెయ్యి చాపు, చూస్త."

ఆమె అతని కుడిచెయ్యి అందుకుని విప్పబోయింది.

పిడికిలి బిగుసుకుంది. అతను బిగించలేదు, అదే బిగుసుకుంది. పదిహేనేళ్లుగా దానికి అదే అలవాటు.

చాందాలో ఒక కోష్టి ఇల్లు, మరాఠీ నేతవాళ్లది. లోపల మగ్గం చప్పుడు. రజాకార్ల గడబిడలో పెండ్లాన్ని, ఆరు నెలల కూతురు నర్మదను తీసుకుని రైలెక్కి సరిహద్దు దాటి చాందాలో పడ్డాక అతను మొదటి రోజు నిలబడ్డ మూడో గడప అది. అంతకుముందు రెండిళ్లలో 'పుఢే జా' అన్నారు, ముందుకు పో అని. అవి తగల్లేదు. ఈ ఇంటాయన మగ్గం ఆపి, చాటలో జొన్నలు తెచ్చి, పోయబోయి ఆగాడు. చాపిన అరచేతిని చూశాడు. మగ్గం పిడి లాగి లాగి కాయలు కాసిన చెయ్యి. తన చెయ్యిలాంటి చెయ్యి. ఏమీ అనలేదు. చాట మొత్తం వంచేసి లోపలికి పోయాడు. చాలాసేపు మగ్గం చప్పుడు మళ్లీ వినిపించలేదు. వెళ్లగొట్టి ఉంటే ఈపాటికి మరిచిపోయేవాడు. గుర్తుపట్టాడు ఆయన. ఆ గుర్తుపట్టడమే అరచేతిలో ఉండిపోయింది. కడిగితే పోయేది కాదు.

బాలమల్లు చెయ్యి విదిలించుకున్నాడు.

"విడువు! నేను మగ్గం నేసేటోన్ని. నీ లెక్క అడుక్కతినుడు నాకు రాదు!"

ఎక్కువ గట్టిగా అన్నాడు.  తిట్లు ఆమెకు కొత్త కాదు. అయినా కిష్టవ్వ ముఖంలో దీపం వత్తి తగ్గించినట్టు ఏదో తగ్గింది. కర్ర కోసం పక్కకు చెయ్యి చాపింది.

"రాదా?" అన్నది శంకరవ్వ.

"ఏంది?"

"నీకు అడుగుడు రాదా అంటున్న. చాందాల వచ్చింది గద."

తడిబట్ట కింద ఆమె ముఖం ఎటు చూస్తోందో తెలియలేదు.

"చాందాల నేను కూలి చేసిన," అన్నాడు బాలమల్లు. ఎన్నోసార్లు చెప్పి అరిగిన మాట. పలకడం సులువు.

"ఊఁ. కూలి." ఆమె కొంగు వేలికి చుట్టుకుంది. "పొద్దుగూకంగ తువ్వాల మూట తెచ్చి నా ఒళ్ల పెడ్తుంటివి. ఇప్పి చూస్తె తెల్లజొన్నలు, పచ్చజొన్నలు, నూకలు, ఇన్ని సజ్జలు, నడిమిట్ల రెండు శనిగెలు. ఏ సేటు, నర్మద బాపూ, గిన్ని తీర్ల గింజలు కలిపి కూలిస్తడు?"

చుట్టూ ఎవరెవరు వింటున్నారో చూశాడు బాలమల్లు.

"నువ్వు మొఖం కడుక్కోను బాయికాడికి పోతివంటె, నేను చాటల పోసి ఏరుతుంటి. ఏరకుంటె ఎట్ల? జొన్నలు ఉడికేయాళ్లకు నూకలు జావైతయ్. ఏరంగ ఏరంగ ఎరుకయ్యేది, ఇయ్యాల ఎన్ని ఇండ్లు తిరిగినవో. ఒక్కొక్క దినం రెండు తీర్లే ఉంటుండె. ఆ దినం నాకు ఆకలి లేదని చెప్తుంటి."

గుర్తొచ్చింది. ఆకలి లేదు, నువ్వు తిను అనేది. బాలింత కదా, ఒంట్లో బాగుండదేమో అనుకునేవాడు. తినేవాడు. ఆ అన్నం రుచి ఇప్పుడు, పదిహేనేళ్ల తర్వాత, నోట్లోకి వచ్చింది.

"ఎన్నడు చెప్పకపోతివి," అన్నాడు. 

"చెప్తె తెల్లారి పోతుంటివా? నువ్వు పోకుంటె నర్మద ఉంటుండెనా?" కొంగును వేలి నుంచి విప్పింది. "గుళ్లె ప్రసాదం సుత చేతుల పట్టవు, తువ్వాల చాపుతవు. వీనికి ఎంత భక్తి అని మంది నవ్వుతరు. నేనెన్నడన్న నవ్విన్నా?"

కిష్టవ్వ లేవబోయి మళ్లీ కూర్చుంది. ఎవరివైపూ చూడకుండా కర్ర కణుపులు తడుముతోంది.

బాలమల్లు తన చెయ్యి వైపు చూశాడు. ఇన్నేళ్లు దాన్ని ఎవరి నుంచి దాచాడు? ఊరి నుంచి దాచాడు, తన నుంచి దాచుకున్నాడు. అందరికంటే ఎక్కువగా ఎవరి నుంచి దాచాడో ఆ మనిషి ఆ చేతిలోని గింజలను ఒక్కొక్కటిగా ఏరి, వండి, అతనికే పెట్టింది. తాను ఒంటరిగా నడిచాననుకున్న ఆ వీధుల్లో ఆమె కూడా నడిచింది. చాట ముందు కూర్చుని, గడప గడపా లెక్కబెట్టుకుంటూ నడిచింది. సిగ్గు రావాలి. వచ్చింది కూడా. కానీ దాని కింద ఇంకోటి ఉంది. చాలాసేపు మడిచిపెట్టిన కాలు చాపుకున్నప్పటి తిమ్మిరి లాంటిది.

"ఇంకొకటి సుత చెప్పలే నీకు," అన్నది శంకరవ్వ. గొంతు తగ్గింది. ఈసారి నిజంగా అతనొక్కడికే వినిపించేటట్టు. "కన్ను పోతె పోయె, ఎట్లన్న బతుకుదమని అనుకుంట వచ్చిన. అబద్దం. నాకు భయమైతున్నదయ్యా. పొద్దుగాల లేస్తె, బట్ట తీయకముందుగాల, చీకటి గిట్లనే ఉంటదా అని. శానా భయమైతున్నది."

పెళ్లయిన ఇరవై ఏళ్లలో ఆమె ఈ మాట అనలేదు. రజాకార్లు వాడ మీదికి వచ్చిన రోజు కూడా అనలేదు.

బాలమల్లు ఆమె చెయ్యి పట్టుకున్నాడు. మంది ముందు ఎన్నడూ పట్టుకోలేదు.  ఆమె వేళ్లు అతని అరచేతిలో కాయల మీద ఆగాయి. ఒక్కొక్క దాన్ని తడిమి చూశాయి, అవన్నీ ఉన్నాయో లేవో సరి చూసుకుంటున్నట్టు.

లోపల ఎక్కడో కుర్చీ జరిగిన చప్పుడు. చప్రాసీ లేచి అంగీ సర్దుకున్నాడు. వరుసలోని వాళ్లు కాళ్లు ముడుచుకున్నారు. రెండు రెక్కల తలుపు తెరుచుకుంది. తెల్లకోటు వేసుకున్న మనిషి బయటికి వచ్చాడు. నెరిసిన మీసం. ఒక చేతిలో తోలుసంచి. రెండో చేతి గడియారం చూసుకుంటూ నడుస్తున్నాడు. వెనకాల ఇద్దరు నర్సులు ఏదో చెప్తూ వస్తున్నారు.

"అక్కను నేను చూస్త," అంది కిష్టవ్వ. అంతకుమించి ఏమీ అనలేదు. ఇప్పటిదాకా బాలమల్లు కూర్చున్న చోటికి జరిగి, శంకరవ్వ భుజం చుట్టూ చెయ్యి వేసింది.

తాను లేచానని బాలమల్లుకు తర్వాత తెలిసింది. ముందుగా తెలిసింది కాళ్ల కింద ఎండ. వరండా దాటి, మెట్ల మీదికి వచ్చేశాడు. ఇరవై అడుగులంటే ఎంతో దూరం అనుకున్నాడు. ఇంత దగ్గరా? డాక్టర్ ముఖంలో చెమట బొట్టు కూడా కనిపిస్తోంది. చూపు నేల వైపు పోబోయింది. దాన్ని పట్టి పైకి లాగాడు. వెనక నుంచి చప్రాసీ అరుస్తున్నాడు. ఎవరి మీద అరుస్తున్నాడో, ఏమని అరుస్తున్నాడో వినిపించలేదు.

ఎదురుగా నిలబడ్డ మనిషిని చూసి డాక్టర్ నడక తగ్గించాడు. ఇట్లాంటివాళ్లు ఆయనకు రోజూ ఎదురవుతారు. విసుక్కోలేదు. ముఖం వైపు చూడకుండానే, దారిలో రాయిని తప్పుకున్నట్టు, ఎడమవైపుకు ఒక అడుగు జరిగాడు.

బాలమల్లు కూడా అటే జరిగాడు.